అవ్వ నోటికి అతకని గొంతు

దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీద ఇప్పటికీ యానిమేషన్ కోర్సుల బోర్డులు కనిపిస్తాయి. బోర్డు మీద ఒక రెక్కల గుర్రమో, నిప్పులు కక్కే రాక్షసుడో ఉంటాడు. ఆ కోర్సుల్లో చేరిన పిల్లలు కొందరు కొత్తపేట రైతుబజార్ వెనక ఉన్న మా ఇంటికి వస్తారు. "మేడం, మీరు చాలా ఏళ్లు చేశారు కదా, ఫీల్డ్ ఎలా ఉంటుంది?" అని అడుగుతారు. నా ఉద్యోగం మొత్తంలో రెక్కల గుర్రాన్ని ఒక్కసారి కూడా గీయలేదని చెబితే వాళ్ల ముఖాలు వాడిపోతాయి.

నేను గీసినవి చాలావరకు నోళ్లు. పళ్లపొడి ప్రకటనలో నవ్వే నోరు, ఎక్కాలు చెప్పే ఏనుగు నోరు, చేతులు కడుక్కోమని బోధించే కాకి నోరు. కాకికి ముక్కే గానీ పెదవులుండవు కదా అని నన్ను ఎవరూ అడగలేదు. నేనూ ఎవరికీ చెప్పలేదు. జీతం వచ్చేది, గీశాను.

నా పేరు నాగమణి. మాది తెనాలి వైపు. పెళ్లయ్యాక ఇక్కడికొచ్చి, ఇక్కడే రిటైరయ్యాను. ఏ సాఫ్ట్‌వేర్ ఎప్పుడు నేర్చుకున్నానో, నా కుర్చీ ఎప్పుడు పెద్దదయిందో ఇక్కడ రాయను, ఎందుకంటే అవి మీకు పనికిరావు. ఒక పావుగంట సినిమా గురించి రాస్తాను. మేం చేసిన వాటిలో మంచిది అదే, పాడుచేసిందీ అదే.

ముందు గొంతు, తర్వాత బొమ్మ

మా స్టూడియో ఒక కోచింగ్ సెంటర్ పై అంతస్తులో ఉండేది. ఓనరు శేషగిరి గారిది గుంటూరు జిల్లా. మంచివాడే, కానీ భయస్థుడు. ఈ రెండూ ఒకే మనిషిలో ఉంటే కింద పనిచేసేవాళ్లకు చాలా కష్టం. చెడ్డవాడైతే తిట్టుకుని ఊరుకుంటాం. ఇలాంటివాడిని తిట్టబోతే జాలేస్తుంది.

మేం చేసేదాన్ని సింపుల్ యానిమేషన్ అనేవారు. ఖర్చు పెట్టలేనివాళ్లు పెట్టుకున్న మర్యాదైన పేరది. అందులో మనిషి నడవడు, నిలబడి ఉంటాడు. చెయ్యి ఎప్పుడో ఒకసారి లేస్తుంది, రెప్ప పడుతుంది, మిగతా అంతా నోరే. కాబట్టి నోరు సరిగ్గా కదలకపోతే చూసేవాడికి ఇక ఏమీ మిగలదు.

దానికొక పద్ధతుంది. ముందు గొంతు రికార్డు చేస్తాం. ఆ గొంతును ముక్కముక్కగా వింటూ, ఏ అక్షరానికి పెదవులు కలుస్తాయో, దేనికి గుండ్రంగా తిరుగుతాయో, దేనికి పళ్లు కనిపిస్తాయో చూసి ఆ నోళ్లు పెడతాం. అంటే గొంతు యజమాని, బొమ్మ దాని వెనక నడిచే మనిషి. ఈ వరస తిరగేయకూడదు. కోర్సులో ఈ మాట ఒక్క క్లాసులో చెప్పి వదిలేస్తారు, నాకు మాత్రం ఇది తలకెక్కడానికి ఎస్తేరమ్మ కావాల్సి వచ్చింది.

బత్తాయిల ఎస్తేరమ్మ

తెలంగాణ ఉద్యమం జోరుగా సాగుతున్న రోజులవి. ఒక క్రైస్తవ సంస్థ వాళ్లు మా దగ్గరికి వచ్చారు. క్రిస్మస్‌కు పిల్లల కథ ఒకటి సీడీగా తీసి చర్చిల్లో అమ్మాలని వాళ్ల ఆలోచన. కథ పుస్తకంలోది కాదు. అల్మాస్‌గూడలో ఒక చిన్న చర్చిలో ఎస్తేరమ్మ అనే ముసలామె ఏటా క్రిస్మస్ రోజు చెప్పే కథ. అక్కడ విని పెరిగిన పిల్లలు పెళ్లిళ్లయి ఎల్బీ నగర్‌కీ సరూర్‌నగర్‌కీ వెళ్లి, తమ పిల్లలకు చెప్పారు. అలా ఆ చుట్టుపక్కల సండే స్కూళ్లన్నిటికీ అది పాకింది.

ఎస్తేరమ్మది నల్లగొండ జిల్లాలో పల్లె. గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ గేటు దగ్గర బత్తాయిలు అమ్మీ అమ్మీ ఆమె గొంతు బండబారింది. మొదటిసారి మా స్టూడియో మెట్లెక్కి వచ్చి, ఆయాసం తీర్చుకుని, చుట్టూ చూసి, "ఇంత పెద్ద పిల్లలు బొమ్మలు గీస్కుంట కూసుంటరా? తిండి ఎవలు వెడ్తరు?" అంది.

ఆమె చెప్పిన కథ ఇది. పశువుల కొట్టంలో బాలయేసు పుట్టాడు. చలి. ఆవు తన ఊపిరితో వెచ్చదనం ఇచ్చింది. గాడిద తన వీపు మీది గోనెపట్టా ఇచ్చింది. గొర్రె ఉన్ని ఇచ్చింది. మేక దగ్గర ఇవ్వడానికి ఏమీ లేదు, ఒక్క గొంతు తప్ప. అదీ బొంగురుది. సంతోషం పట్టలేక అది ఒక్క అరుపు అరిస్తే బిడ్డ ఉలిక్కిపడి ఏడ్చాడు. అందరూ మేకను కసిరారు. నోరు మూసుకొమ్మన్నారు. మేక మూసుకుంది. అందరూ నిద్రపోయాక దీపం ఒరిగి గడ్డి అంటుకుంది. మేలుకుని ఉన్నది మేక ఒక్కటే. అరిస్తే తిడతారు, అరవకపోతే బిడ్డ కాలిపోతాడు.

ఇక్కడ ఎస్తేరమ్మ కథ ఆపేది. అరచేత్తో తన నోరు గట్టిగా మూసుకుని, కళ్లు మాత్రం అటూ ఇటూ తిప్పేది. పిల్లలు ఊపిరి బిగబట్టి చూసేవారు. ఎంతసేపు ఆపాలో ఆమెకే తెలుసు. ఉన్నట్టుండి చెయ్యి తీసి "మ్మే" అని ఒక్క అరుపు అరిచేది. చర్చి అంతా ఎగిరిపడేది. మంటలార్పి బిడ్డను ఎత్తుకున్న మరియమ్మ మేకను దగ్గరకు తీసుకునేది. ఆఖరున ఎస్తేరమ్మ, "గందుకే బిడ్డా, మేకను ఎవలు కసిరినా అది ఊకోదు" అని, తలా ఒక బత్తాయి పండు పెట్టి పంపేది.

కథ విన్నాక నేను ఆమె పక్కన కూర్చున్నాను. ఆమె గొంతులో గరగర మామూలుది కాదనిపించి అడిగాను.

"పుండు లేసింది బిడ్డా లోపట," అంది, ఏదో మోకాలి నొప్పి గురించి చెబుతున్నట్టు. "దవాఖానల గొంతు పెట్టె తీసేస్తమన్నరు. బతుకుతనట, మాట రాదట. నేను నోరు మూస్కున్నా సరే, నా కథ మూస్కోవద్దు. పోరలు ప్రతి పండుగకు ఇనాలె. గందుకే గీ మెట్లెక్కిన."

ఆపరేషన్‌కు ఎక్కువ రోజుల్లేవు. ఆలోగా గొంతు రికార్డు చెయ్యాలి. మా చేతిలో ఉన్నది అదొక్కటే పని.

బంద్ కోసం ఎదురుచూపు

మా స్టూడియోలో సౌండ్ రూమ్ అంటే ఒక సామాన్ల గది. గోడలకు పాత పరుపులు ఆనించి, కిటికీలకు దుప్పట్లు కట్టాం. దిల్‌సుఖ్‌నగర్ రోడ్డు మీద ఆ దుప్పట్లు ఏం చేస్తాయి? బస్సుల హారన్లు, కండక్టర్ల కేకలు, కింద కోచింగ్ పిల్లల గోల. బయట సౌండ్ స్టూడియో అద్దెకు తీసుకోండి అంటే శేషగిరి గారు చెవులు మూసుకునేవారు.

అందుకని మాకొక అలవాటు ఉండేది. ఇది చెబితే ఇప్పటివాళ్లు నమ్మరు. మేం బంద్ రోజు రికార్డింగ్ పెట్టుకునేవాళ్లం. బంద్ అంటే బస్సులుండవు, షట్టర్లు దించేస్తారు, కోచింగ్ సెలవు. ఆ రోడ్డు మీద కాకి అరిస్తే వినిపించేది. ఉద్యమం మొదలయ్యాక మా సౌండ్ చాలా బాగుపడింది.

శేషగిరి గారు పొద్దున పేపరు తెరిచి, "ఈ బంద్‌లతో వ్యాపారాలు మట్టి కొట్టుకుపోతున్నాయండీ, మనలాంటివాళ్లు ఎక్కడికి పోవాలి?" అని విసుక్కునేవారు. అదే పేపరులో మళ్లీ బంద్ ఎప్పుడుందో వెతికేవారు. మా వీధి చివర మెస్ బోర్డు మీద ఆంధ్రా భోజనం అని ఉండేది. ఒకరోజు మొదటి మాట మీద సున్నం పడింది, భోజనం మిగిలింది. అది చూసిన రోజు ఆయన టిఫిన్ కూడా తినలేదు.

నోళ్లు పెట్టడంలో నాతో పాటు పనిచేసేది నర్సింహ. దేవరకొండ దగ్గర పల్లె వాడు. వీలున్నప్పుడల్లా ఎల్బీ నగర్ చౌరస్తాలో ధర్నాకు వెళ్లొచ్చేవాడు. మేమిద్దరం ఒకే ఫ్లాస్కులో టీ తాగేవాళ్లం.

"ఏం నర్సింహా, రేపు మీ తెలంగాణ వచ్చాక మమ్మల్ని బస్సెక్కిస్తావా?" అని ఏడిపించేదాన్ని.

"మిమ్ములనెవలు పొమ్మంటున్రు మేడం? మీరు పోతే నాకు టీ ఎవలు పోస్తరు?" అని నవ్వేవాడు. తర్వాత నవ్వు ఆపి, "మా మాట జెప్తే నవ్వొద్దు అంటున్నం, గంతే" అనేవాడు.

మొదటి బంద్ రోజు సగం కథ రికార్డయింది. అంతకంటే ఎక్కువ ఆమె గొంతు పలకలేదు. రెండో సగానికి మళ్లీ బంద్ కావాలి. పేపర్లో ఏమీ లేదు. ఆపరేషన్ దగ్గరపడుతోంది. ఎవరు బంద్‌కు పిలుపిస్తారా అని కోస్తావాళ్లం మేమంతా గుండెలు అరచేతిలో పెట్టుకుని చూశాం. ఆపరేషన్‌కు ముందు వారం బంద్ పిలుపు వచ్చింది. శేషగిరి గారు నాకు ఫోన్ చేసి, "వచ్చిందమ్మా, వచ్చేసింది" అన్నారు. ఆ సంతోషం బయట ఎవరైనా వింటే ఏమనుకునేవారో.

ఆ రోజు నర్సింహ తన బండి మీద ఎస్తేరమ్మను అల్మాస్‌గూడ నుంచి తీసుకొచ్చాడు. ఎల్బీ నగర్ దగ్గర ఉద్యమకారులు ఆపారట. "అవ్వ కథ జెప్పనీకి పోతున్నది అన్నా, రేపు గొంతు తీసేస్తరు" అని చెప్పాడట. వాళ్లు ఆమెను జై తెలంగాణ అనమన్నారట. ఆమె అంది. "గా ఒక్క మాటకే సగం గొంతు పోయింది పో" అని మెట్లెక్కుతూ నర్సింహను తిట్టింది.

కథ దీపం ఒరిగే చోటికి వచ్చేసరికి రోడ్డు మీద డప్పులు మొదలయ్యాయి. పెద్ద ఊరేగింపు. దుప్పట్లు దాటి నినాదాలు లోపలికి వచ్చాయి. ఎస్తేరమ్మ ఆగింది. గోరువెచ్చని నీళ్లు తాగింది. మళ్లీ మొదలుపెట్టింది, మళ్లీ ఆగాల్సి వచ్చింది. ఆగిన ప్రతిసారీ గొంతు ఇంకొంచెం కిందికి పోతోంది. ఇంకొక్కసారి ఆపితే ఇక రాదేమోనని నాకు భయమేసింది.

నర్సింహ కిందికి పరుగెత్తాడు. వాళ్లతో ఏం చెప్పాడో నాకు తెలియదు. కాసేపటికి డప్పులు ఆగాయి. నినాదాలు ఆగాయి. మా బిల్డింగు ముందు నుంచి ఆ జనం అంతా మాట లేకుండా నడిచి వెళ్లారు. ఎస్తేరమ్మ నోటి మీద చెయ్యి పెట్టుకుని ఆగింది చూడండి, ఆ నిశ్శబ్దంలో కింద వందల చెప్పుల చప్పుడు మాత్రం రికార్డయింది. తర్వాత మేక అరిచింది. గోడకు ఆనించిన పరుపు పక్కన నిలబడి నేను ఏడ్చాను, ఎందుకో అప్పుడు తెలియలేదు.

ఊరేగింపు మలుపు తిరిగాక డప్పులు మళ్లీ మొదలయ్యాయి. నర్సింహ పైకొచ్చి, "అయిందా మేడం?" అని అడిగాడు. అయింది అన్నాను.

ఆమె నోరు

సినిమా పొడవునా తెర మీద ఒక అవ్వ కూర్చుని కథ చెబుతుంది. మధ్యమధ్య కొట్టం, ఆవు, మేక. అవ్వ బొమ్మ ఎస్తేరమ్మలాగే ఉండాలని నర్సింహ పట్టుబట్టాడు. కుడివైపు పన్ను ఊడిన సందు కూడా గీశాడు.

నేను మొదట కొన్ని నోళ్లు తప్పుగా పెట్టాను. నేను పుట్టిన చోట వస్తాను అంటారు. పై పళ్లు కింది పెదవిని తాకాలి. ఎస్తేరమ్మ ఒస్తా అంటుంది. పెదవులు గుండ్రంగా తిరగాలి. మేము ఏమిటి అంటే మధ్యలో పెదవులు కలుస్తాయి. ఆమె ఏంది అంటే కలవవు. నేను పోతున్నాను అనే లోపల ఆమె పోతున్న అని చెప్పేసి నోరు మూసి అవతలి మాటకు వెళ్లిపోతుంది. ఇంతకాలం ఈ ఊళ్లో బతికి, కూరగాయలు కొని, పక్కింటివాళ్లతో పొద్దు పుచ్చి, ఈ నోళ్లు నేనెప్పుడూ చూడలేదు. గీయాల్సి వచ్చాక చూశాను.

పని పూర్తయ్యేనాటికి ఎస్తేరమ్మకు ఆపరేషన్ అయిపోయింది. నర్సింహ దవాఖానకు వెళ్లి చూసొచ్చాడు. మెడ మీద రంధ్రం పెట్టారట, ఊపిరి అక్కడి నుంచేనట. అతను సినిమా అయిందని చెబితే ఆమె అతని చెయ్యి పట్టుకుని తన నోటి మీద పెట్టుకుందట.

కమిటీ

సంస్థ తరఫున ముగ్గురు పెద్దమనుషులు వచ్చి సినిమా చూశారు. అందరికంటే పెద్ద ప్రభుదాసు గారు. చదువుకున్నాయన, మృదువుగా మాట్లాడతారు. అంతా చూశాక, "బొమ్మలు చాలా బాగున్నాయండి, గొంతు మార్పిద్దాం" అన్నారు.

"గొంతు మారిస్తే సినిమా ఏముందండీ?" అన్నాను.

"అలా కాదమ్మా. ఈ సీడీ ఇటు నల్లగొండలోనూ, అటు గుంటూరు, గోదావరి జిల్లాల్లోనూ అమ్మాలి. ఇప్పుడున్న పరిస్థితుల్లో ఈ యాస వింటే అక్కడివాళ్లు ఇదేదో ఉద్యమం సినిమా అనుకుంటారు. అదీగాక ఇది జబ్బు గొంతు. చిన్నపిల్లలు జడుసుకుంటారు. మేక మాట్లాడితే సరే, మరియమ్మ కూడా ఏంది, గట్ల అంటే ఏం బాగుంటుంది చెప్పండి?"

నర్సింహ వెనక గోడ దగ్గర నిలబడి ఉన్నాడు. "మేక మాట్లాడితే సరేనా సార్?" అని మాత్రం అన్నాడు. ఆయనకు ఆ ప్రశ్న అర్థం కాలేదు. నాకు అర్థమైంది. సినిమాల్లో ఆ యాస ఎప్పుడూ ఎవరి నోట్లో పెడతారో నాకూ తెలుసు.

నేను గట్టిగానే వాదించాను. నోళ్లన్నీ ఆమె గొంతుకు గీసినవి, వేరే గొంతు అతకదు, మారుస్తే నోళ్లన్నీ మళ్లీ గీయాలి అన్నాను. క్రిస్మస్‌లోగా అవుతుందా అన్నారు. కాదన్నాను. అయితే ఉన్నవాటితోనే కానిద్దాం, పిల్లలు అంత పట్టించుకోరు అన్నారు. పిల్లలు అంత పట్టించుకోరు అనే మాట నా ఉద్యోగంలో ఎన్నోసార్లు విన్నాను. అన్నవాళ్లెవరూ పిల్లల పక్కన కూర్చుని సినిమా చూసినవాళ్లు కాదు. మీరు ఈ పనిలోకి వస్తే ఈ మాట మీరూ వింటారు.

శేషగిరి గారు నా వైపు చూడలేదు. "వాళ్ల సినిమా కదమ్మా, వాళ్లిష్టం. మనకెందుకు ఈ టైములో గొడవలు?" అన్నారు. ఆ టైములో ఆయనకు ప్రతిదీ గొడవే. ఎస్తేరమ్మ గొంతు ఉంచితే అటువాళ్లకు కోపం, తీసేస్తే ఇటువాళ్లకు కోపం. ఆయన ఆ రోజు గదిలో ఎదురుగా కూర్చున్నవాళ్లకు భయపడ్డారు.

డబ్బింగ్ చెప్పడానికి ఒక రేడియో ఆర్టిస్టును పిలిచారు. ఆవిడ తప్పేమీ లేదు, చక్కటి గొంతు, చక్కటి ఉచ్చారణ. స్క్రిప్టు ప్రభుదాసు గారు స్వయంగా తిరగరాశారు. పుస్తకం తెలుగులో ప్రతి వాక్యం పొడుగయింది. అవ్వ నోరు మూసుకున్నాక కూడా మాట వినిపిస్తుంది. అన్నిటికంటే ఘోరం, మేక ఆలోచించే చోట ఖాళీగా ఉందని ఆయన అక్కడొక వాక్యం కలిపారు. తెర మీద అవ్వ అరచేత్తో నోరు మూసుకుని ఉంటుంది. వెనక నుంచి తీయటి గొంతు, అప్పుడు ఆ మేక ఎంతో ఆలోచనలో పడింది పిల్లలూ, అని చెబుతుంది.

నర్సింహ అది విని, తన బల్ల దగ్గరికి వెళ్లి పెన్సిళ్లు సర్దుకున్నాడు. నేను వెనకే వెళ్లాను.

"ఆమె నోరు గీసిన మేడం. వేరే గొంతు ఎట్ల వెడ్తరు?" అన్నాడు. గొంతు పెంచలేదు. "అవ్వ మేక కథ జెప్పింది, గీళ్లు మేకకు జేసిందే అవ్వకు జేస్తున్రు. గింత కూడా సమజ్ గాలేదా ఎవలికీ?"

నాకు సమజైంది. ఆ మాట అతనికి చెప్పాను. అతను తల ఊపి వెళ్లిపోయాడు. మళ్లీ ఆ స్టూడియోలో పనిచేయలేదు.

డిస్కు

పండుగ దగ్గరకు వచ్చాక నర్సింహ ఫోన్ చేశాడు. "మేడం, అమ్మే సీడీ సంగతి వదిలేయుండ్రి. అవ్వ గొంతుతోని ఉన్నది ఒక్కటి కాపీ చేసియ్యుండ్రి. చర్చిల అదేస్తం. పోరలు ఇంటరు, అవ్వ ఇంటది."

ఎంత తేలికైన పని అనిపించింది. పొద్దున్నే స్టూడియోకు వెళ్లి శేషగిరి గారిని అడిగాను. కమిటీ వెళ్లిన రోజే అసలు రికార్డింగ్ దాచి ఉంచమని ఆయనకు చెప్పి ఉన్నాను. సరేనమ్మా అన్నారు కూడా. ఇప్పుడు అడిగితే ఆయన ముఖం పాలిపోయింది. లోపలికి వెళ్లి కంప్యూటర్ ముందు కూర్చున్నారు. వెతుకుతున్నట్టు నటించడానికి ప్రయత్నించి, అదీ చేతకాక, చేతులు ఒళ్లో పెట్టుకున్నారు.

"పళ్లపొడి వాళ్ల పని ఎక్కించాలని సౌండ్ ఉన్న డిస్కు ఫార్మాట్ చేయించేశానమ్మా. నువ్వు చెప్పిన మాట ఆ నిమిషంలో గుర్తు రాలేదు."

సీన్ల ఫైళ్లలో వెతికాను. సౌండ్ మనిషి అన్నిట్లోనూ పాత గొంతు తీసేసి కొత్తది పెట్టేశాడు. కమిటీ వాళ్లు పాత కాపీ పట్టుకెళ్లలేదు. మార్కెట్ గేటు దగ్గర అరిచి అరిచి బండబారిన ఆ గొంతు, దాని కింద రోడ్డు మీద జనం చెప్పుల చప్పుడు, ఎక్కడా మిగల్లేదు. ఎవరూ కావాలని చేసింది కాదు. డెలివరీ అయ్యాక డిస్కు తుడిచి తర్వాతి పని ఎక్కించడం అన్ని చిన్న స్టూడియోల్లోనూ మామూలే.

శేషగిరి గారు కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టి, "నేను వచ్చి ఆమెకు చెప్పనా?" అని అడిగారు. వద్దన్నాను. ఆయన రాగలిగే మనిషి కాదని ఇద్దరికీ తెలుసు. ఇప్పుడు మీకు చెబుతున్నాను పిల్లలూ, మీరు గీసినవి పోయినా మళ్లీ గీసుకోవచ్చు, ఎవరైనా వచ్చి మీ ముందు మాట్లాడి వెళితే, ఇంటికి వెళ్లేలోపు దానికి ఇంకొక కాపీ చేసుకోండి.

అల్మాస్‌గూడ

క్రిస్మస్ రోజు ఆరాధన అయ్యాక వెళ్లాను. చిన్న రేకుల చర్చి. రంగు కాగితాల తోరణాలు కట్టారు. పిల్లలంతా చాప మీద కూర్చున్నారు, ముందు టీవీ పెట్టారు. గోడ వారన కుర్చీలో ఎస్తేరమ్మ. బాగా చిక్కిపోయింది. మెడ మీది రంధ్రం కనిపించకుండా తెల్లటి గుడ్డ కట్టుకుంది. పక్కన బుట్టలో బత్తాయిలు. నన్ను చూసి చేత్తో కూర్చోమంది. నర్సింహ ఆమె కుర్చీ వెనక నిలబడి ఉన్నాడు. రికార్డు చేసిన గొంతు చెరిగిపోయిన సంగతి అతను ఆమెకు ముందే చెప్పాడట. ఆమె ఎలా తీసుకుంది అని నేను అడగలేదు.

సంస్థ వాళ్లు పంపిన సీడీ వేశారు. తెర మీద అవ్వ బొమ్మ రాగానే పిల్లలు, "మన అవ్వ, మన అవ్వ" అని కేకలేశారు. బొమ్మ నోరు తెరిచింది. తీయటి గొంతు వచ్చింది. పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. తర్వాత ఎవరో కిసుక్కుమన్నారు. నోరు ఒక దారి, మాట ఒక దారి. నోరు ఆగాక మాట నడుస్తోంది. నవ్వు చాప అంతా పాకింది. వాళ్లు అవ్వను చూసి నవ్వలేదని నాకు తెలుసు. అయినా ఎస్తేరమ్మ ముఖం వైపు చూడలేకపోయాను.

నర్సింహ వెళ్లి టీవీ గొంతు పూర్తిగా తగ్గించాడు.

చర్చిలో చప్పుడు లేదు. తెర మీద అవ్వ నోరు కదులుతూనే ఉంది. ముందు వరసలో ఒక చిన్నపిల్ల వెనక్కి తిరిగి ఎస్తేరమ్మను చూసింది. ఆమె పెదవులు కదులుతున్నాయి. తెర మీది నోటితో సరిగ్గా కలిసి కదులుతున్నాయి. ఒస్తా దగ్గర గుండ్రంగా తిరిగాయి, ఏంది దగ్గర కలవలేదు. మేం ఆమె గొంతుకు గీసిన ప్రతి నోరూ ఆమె ముఖం మీద ఉంది. ఆ పిల్ల మెల్లగా ఆ మాటలు చెప్పడం మొదలుపెట్టింది. పక్కనున్న పిల్లలు అందుకున్నారు. వాళ్లందరికీ కథ నోటికి వచ్చు. ఆవు ఊపిరి, గాడిద గోనెపట్టా, గొర్రె ఉన్ని, అన్నీ అవ్వ మాటల్లోనే చెప్పుకుంటూ వెళ్లారు. ఇప్పుడు నోటికీ మాటకూ తేడా లేదు.

దీపం ఒరిగింది. గడ్డి అంటుకుంది. తెర మీద అవ్వ అరచేత్తో నోరు మూసుకుంది. కుర్చీలో ఎస్తేరమ్మ కూడా మూసుకుంది. పిల్లలు ఆగిపోయారు. అప్పటిదాకా ప్రతి మాటా చెప్పిన పిల్లలు, అందరూ ఆమె వైపు తిరిగి, ఏటా చూసినట్టే ఊపిరి బిగబట్టి చూస్తున్నారు. ఆ అరుపు అవ్వది. దాన్ని తాము అరవాలని ఒక్కరికీ తోచలేదు.

ఎస్తేరమ్మ చెయ్యి తీసింది. నోరు పూర్తిగా తెరిచింది. మెడకు కట్టుకున్న తెల్లగుడ్డ ఊపిరికి ఒక్కసారి లేచి పడింది.